క్షమించాక కేసు పెట్టొచ్చా?

మేడ్చల్, శామీర్‌పేట వైపు ప్లాట్ల గొడవలు మీకు చెప్పక్కర్లేదు. ఒకే ప్లాటు ఇద్దరికి అమ్మేస్తారు. మోసపోయిన మన విశ్వాసులు, "అన్నా, క్షమించాలి కదా, మరి పోలీస్ స్టేషన్‌కి వెళ్లొచ్చా?" అని అడుగుతుంటారు.

వెళ్లొచ్చు. రోమా పత్రిక 12వ అధ్యాయం చివర్లో పౌలు పగ తీర్చుకోవద్దంటాడు. వెంటనే 13లో, తప్పు చేసినవాణ్ణి శిక్షించే అధికారం ప్రభుత్వానికి దేవుడే ఇచ్చాడంటాడు. మనమేమో 12 దగ్గరే బైబిల్ మూసేస్తాం! అదే పౌలు ఫిలిప్పీలో, విచారణ లేకుండా తనను కొట్టించిన అధికారులే స్వయంగా వచ్చి విడిపించాలని పట్టుబట్టాడు. అపొస్తలుల కార్యములు 16లో చూడండి.

గ్లాడిస్ స్టెయిన్స్ గారి భర్త గ్రాహమ్‌నీ, ఇద్దరు కొడుకుల్నీ 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో వాహనంలోనే సజీవదహనం చేశారు. ఆమె క్షమించానన్నారు. అయినా కేసు నడిచింది. దారా సింగ్ యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

కాబట్టి కుర్రాళ్లను పంపి ప్రహరీ కూల్చొద్దు, వాట్సాప్ స్టేటస్‌లో తిట్టొద్దు. ఈసీ తీయించి, కాగితాలతో కంప్లయింట్ ఇవ్వండి. వాయిదా రోజు ఆ మనిషి ఎదురుపడితే నమస్తే పెట్టండి. కంప్లయింట్ రాయడం కన్నా అదే కష్టం.