జీవాల జబ్బులు, వాటి పేర్లు, మంద సంరక్షణ

తెలుగునేలకు వెలుపల తరతరాలుగా స్థిరపడిన కుటుంబాలలో తెలుగు ఎక్కడ నిలిచి ఉన్నదని వెదికితే, బడిలోను కచేరీలోను పోయిన మాట ఇంటిలోను దొడ్డిలోను మిగిలి ఉండడం కనిపిస్తుంది. గొర్రెలు, మేకలు పెంచే ఇండ్లలో ఇది మరీ స్పష్టం. పిల్లవాడు తమిళంలో చదువుతాడు, లేదా కన్నడంలో బేరమాడతాడు. గొర్రె ఈనితే మాత్రం 'ఈనింది' అనే అంటాడు. చూడి, ముర్రుపాలు, పొట్టేలు, మంద వంటి మాటలు అతని నోట చెక్కు చెదరకుండా ఉంటాయి. భాషను చదివేవారికి ఇది సంతోషకరమైన విషయమే. కాని దీనిలో ఒక చిక్కు ఉన్నది. రోగం పేరు ఇంటిలో తెలుగులో పుడుతుంది, మందు ఆస్పత్రిలో ఆ రాష్ట్రభాషలో దొరుకుతుంది. ఈ రెండింటికి నడుమ దుబాసీ పని తరచుగా మీవంటి చదువుకునే పిల్లల మీద పడుతుంది. అక్కడ ఒక పేరుకు మరొక పేరు తప్పుగా పెడితే నష్టపోయేది మంద. అందుచేత ఈ రోగాల పేర్లు ఏమి చెబుతాయో, ఏమి చెప్పవో కొంత వివరంగా చూడడం అవసరమని మేము భావిస్తున్నాము.

ముందుగా జీవాల పేర్లు. రాయలసీమలోను తెలంగాణలోను గొర్రెలను, మేకలను కలిపి 'జీవాలు' అంటారు. గొర్రెకు కన్నడంలో 'కురి', మేకకు 'మేకె' అనడం మీకు తెలిసినదే. ఇవి చుట్టరికం గల మాటలు. తమిళ, కన్నడాలలోని 'ఆడు'కు తెలుగులో చుట్టం 'ఏట', 'ఏడిక'. తెలంగాణ పల్లెలలో ఇది 'యాట'గా నేటికీ వినిపిస్తుంది. అందులోని యకారాన్ని చూసి ఇది తమిళంలోని ప్రాచీనరూపమైన 'యాడు'లోని యకారమేనని తొందరపడరాదు. ఏకారం యాకారం కావడం ఆ మాండలికంలో మామూలు. 'మంద'కు కన్నడ 'మందె', తమిళ 'మందై' తోబుట్టువులు. మాటలవలెనే జీవాలూ ఎల్లలు దాటినవి. దక్కనీ గొర్రె తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రలకు ఉమ్మడి సొత్తు. దక్షిణ ఒడిశాలోని గంజాం మేకను పెంచేవారు ముఖ్యంగా గొల్లలు. నెల్లూరు గొర్రెలో దొర, పల్ల, జోడిపి అనే మూడు తెగలను ఒంటి రంగును బట్టి గుర్తిస్తారు. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండవది, కర్ణాటక మూడవది. తెలంగాణలో సుమారు 1 కోటి 90 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 1 కోటి 76 లక్షలు, కర్ణాటకలో 1 కోటి 11 లక్షలు.

ఇక రోగాల సంగతి. తెలుగులో పశురోగాల పేర్లు చాలావరకు కంటికి కనిపించిన ఒక లక్షణాన్ని పట్టుకొని పెట్టినవి. ఇరుగు పొరుగు భాషలవారూ అదే పని చేశారు. అయితే అందరూ ఒకే లక్షణాన్ని పట్టుకోలేదు. గాలికుంటు వ్యాధినే తీసుకొందాము. తెలుగువాడు కుంటడాన్ని చూశాడు, అది గాలివలె ఊరంతా వ్యాపించడాన్ని చూశాడు. కన్నడిగుడు 'కాలుబాయి' అని కాలును, నోటిని చేర్చి చెప్పాడు. మరాఠీలో 'లాళ్యా ఖుర్కుత్' అంటే చొంగను, గిట్టను కలిపి చెప్పినట్లు. పశువులలో నోటిపుండ్లు, చొంగ బాగా కనిపిస్తాయి కాబట్టి ఆ పేర్లు సరిపోయాయి. గొర్రెలలో ఈ వ్యాధి సాధారణంగా తేలికగా వస్తుంది. నోటిలో పెద్దగా ఏమీ కనిపించక, కుంటడం ఒక్కటే తెలియవచ్చు. ఆ విధంగా గొర్రెలకాపరికి తెలుగు పేరే ఎక్కువ ఉపకరిస్తుంది. కాని వానకాలంలో బురదదొడ్డిలో నిలిచిన గొర్రె గిట్టలు కుళ్ళినా కుంటుతుంది. వేళ్ళ సందున చెడువాసనతో కుళ్ళు ఉంటే అది గిట్టకుళ్ళు. దానికి గిట్ట కోసి శుభ్రపరచడం, మైలుతుత్థం నీటిలో నడిపించడం, పొడినేల చూపడం చికిత్స. ఒకే కుంటు, వేరువేరు పనులు.

తమిళనాడులో చదివే విద్యార్థులు ఇక్కడ ఇంకొక మాట గుర్తుంచుకోవాలి. గాలికుంటును తమిళంలో 'కోమారి' అంటారు. మన ఇండ్లలో గోమారి, గోమార్లు అంటే పశువుల ఒంటిని పట్టి రక్తం పీల్చే పురుగులు, పిడుదుల జాతివి. డాక్టరు గారు 'కోమారికి టీకా వేయించారా' అని అడిగితే, ఇంట్లో నాయనమ్మ పురుగుల మందు సంగతి అనుకొని 'ఆ, పోయిన నెలే పోశాము' అనడానికి ఎంతసేపు పట్టదు. రెండూ ఒకే దొడ్డికి చెందిన మాటలు కావడం వల్ల పొరపాటు బయటపడదు కూడా.

చిటుకరోగం మరింత ఆసక్తికరమైనది. మాట వినగానే చిటికె గుర్తుకు వస్తుంది. రోగమూ అటువంటిదే. సాయంత్రం బాగా మేసి వచ్చిన పిల్ల తెల్లవారేసరికి చచ్చి ఉంటుంది. చూస్తుండగా వస్తే ఎగిరిపడి, మెడ వెనక్కు విరిచి, కాళ్ళు కొట్టుకొని నిమిషాలలో పోతుంది. తమిళంలో దీనిని 'తుళ్ళుమారి' అన్నవారు ఆ తుళ్ళిపడడాన్ని చూశారు. కన్నడంలో 'కరుళుబేనె', అంటే పేగుల జబ్బు. మరాఠీ 'ఆంత్రవిషార్' శాస్త్రవేత్తల మాటను సంస్కృతంలో పెట్టినది, పేగులలో విషం అని. కారణాన్ని చెప్పే పేరు ఇందరిలో అది ఒక్కటే. వాస్తవంగా జరిగేది ఇది: క్లాస్ట్రిడియం అనే సూక్ష్మజీవి జీవాల పేగులలో మామూలుగానే కొద్దిగా ఉంటుంది. తొలకరి వానలకు మొలిచిన లేతగడ్డిని ఆబగా మేసినప్పుడో, కోతలైన చేలో రాలిన గింజలు ఎక్కువగా తిన్నప్పుడో, అది ఒక్కసారిగా పెరిగి విషాన్ని విడుదల చేస్తుంది. అందుకే బక్కచిక్కిన గొర్రె బతికి, మందలో అన్నిటికన్నా పుష్టిగా ఉన్నది ముందు పోతుంది. దిష్టి తగిలిందనే నమ్మకానికి ఇది కొంత కారణమై ఉంటుంది. రోగం కనిపించాక చేయగలిగినది చాలా తక్కువ. తొలకరికి ముందే, అంటే మే నెలలో టీకా వేయించాలి. మొదటిసారి వేయించే పిల్లలకు రెండు, మూడు వారాలకు మరొక మోతాదు తప్పదు. చూడిగొర్రెకు ఈనడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు వేయిస్తే ఆ రక్షణ ముర్రుపాల ద్వారా పిల్లకూ అందుతుంది. తొలివానలప్పుడు మందను ఆకలితో పచ్చికలోకి తోలకుండా, ఇంత ఎండుమేత వేసి తోలడం మంచిది.

ఇప్పుడు పారుడు వ్యాధి. పి.పి.ఆర్. అని డాక్టర్లు అనేది ఇదే. 1942లో పశ్చిమాఫ్రికాలోని ఐవరీకోస్టులో మొదటగా వర్ణించిన ఈ వ్యాధిని మనదేశంలో తొలిసారి గుర్తించినది 1987లో, తమిళనాడులో నేటి విళుప్పురం జిల్లాలోని అరసూరు గ్రామంలో. ఆ ఊరి పేరు నేడు ఒక టీకా విత్తనానికి ఉన్నది. ఈ వైరస్ పశువుల పెద్దరోగమైన రిండర్‌పెస్ట్ వైరస్‌కు దగ్గర చుట్టం. రిండర్‌పెస్ట్ ప్రపంచం నుంచే తొలగిపోయిందని 2011లో ప్రకటించారు. కాని పేరు అంత తొందరగా చావదు. మరాఠీలో రిండర్‌పెస్ట్‌కు ఉండిన 'బుళకాండీ' అనే మాట ఇప్పుడు గొర్రెలు, మేకల ఈ వ్యాధికి వాడుకలోకి వచ్చింది. కన్నడంలో 'హిరేబేనె', అంటే పెద్దజబ్బు. తమిళంలో 'ఆట్టుక్కొల్లి', ఆటను చంపేది. ఈ రెండు పేర్లు భయపెడతాయి, జాగ్రత్తపడేటట్లు చేస్తాయి. మన 'పారుడు' పేరు వినడానికి చాలా సాధువుగా ఉన్నది. అదే దీనితో ఇబ్బంది.

పారడం, అంటే విరేచనాలు, ఎన్నో కారణాల వల్ల వస్తుంది. కడుపులో నట్టలు ఉన్నా, మేత మారినా, పిల్లలలో కాక్సీడియా సోకినా జీవం పారుతుంది. 'తాతా, మేక పారుతోంది' అనగానే తాత నట్టలమందు పోయమంటాడు. నట్టలకు అది సరైన మాటే. కాని మేకకు జ్వరం 104 డిగ్రీలు దాటి, కళ్ళవెంట, ముక్కువెంట నీరు కారి చిక్కబడి, నోటిలో పుండ్లు పడి, దగ్గుతూ, ఆ తరువాత పారడం మొదలైతే అది నట్టల వల్ల కాదు. పారుడు ఇక్కడ చివర వచ్చే లక్షణం. అది కనిపించి పేరు పెట్టేసరికి పక్క జీవాలకు సోకి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు, మూడు నాలుగు నెలల వయసు దాటాక ఒకసారి వేయించిన టీకా కనీసం మూడేళ్ళు కాపాడుతుంది. సంతలో కొన్న మేకను మూడు వారాలు వేరుగా కట్టివేయడం టీకాకు తరువాతి జాగ్రత్త. దీనిని పాటించేవారు తక్కువ. కొత్త మేకను కొన్న ఉత్సాహంలో సరాసరి మందలో కలుపుతారు.

ఇటువంటి చిక్కే 'గొంతువాపు'లోనూ ఉన్నది. గురకవ్యాధి అని కూడా పిలిచే ఈ జబ్బులో గొంతు వేడిగా, నొప్పిగా వాచి, తీవ్రమైన జ్వరంతో, ఊపిరాడక గురక వస్తుంది. కన్నడంలో 'గళలె', మరాఠీలో 'ఘటసర్ప్', తమిళంలో 'తొండై అడైప్పాన్' అన్నీ గొంతును చూసి పెట్టిన పేర్లే. గంటలలో వైద్యం అందాలి. దవడ కింద మరొక వాపు వస్తుంది. అది చల్లగా, మెత్తగా నీటితిత్తివలె ఉంటుంది. తలవంచి మేసిన రోజంతా పెరిగి, రాత్రికి కొంత తగ్గుతుంది. జ్వరం ఉండదు. ఇది రక్తం పీల్చే నట్టల వల్లనో, నత్తలున్న చెరువుగట్టున మేసినప్పుడు సోకే కార్జపు జలగల వల్లనో రక్తం నీరై వచ్చిన వాపు. కింది కనురెప్పను తిప్పి చూస్తే లోపల ఎర్రగా ఉండవలసినది పాలిపోయి ఉంటుంది. వయసు మళ్ళిన కాపరులు ఈ పరీక్షను ఎవరూ నేర్పకుండానే చేస్తారు. నట్టలమందు జీవం బరువును తూచి పోయాలి. కంటికొలతతో తక్కువ పోస్తే నట్టలు మందుకు అలవాటుపడతాయి. ఆల్బెండజోల్ వంటి మందును చూడికట్టిన తొలి నెలలో పోయరాదు.

నీలినాలుక వ్యాధిని మన పల్లెలలో 'మూతివాపు' అంటారు. ఇది దోమవంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది కాని ఒకదాని నుంచి మరొకదానికి తాకిడివల్ల అంటదు. వానలు వెనుకబట్టే రోజులలో ఎక్కువ. పొద్దుగూకే వేళ దొడ్డిలో వేపాకు పొగ వేసే పాత ఆచారానికి ఇక్కడ మంచి అర్థమున్నది. లేతపిల్లల పెదవుల మీద చెక్కులు కట్టే మూతిపుండ్ల వ్యాధి వేరు. అది తాకిడివల్ల అంటుతుంది, చేతికి గాయమున్న మనిషికీ అంటుతుంది. రెంటినీ 'మూతి జబ్బు' అని చెప్పి ఊరుకుంటే డాక్టరుకు ఏమీ చెప్పినట్లు కాదు. బొబ్బరోగాన్ని చాలా ఇండ్లలో అమ్మవారనే పిలుస్తారు. తమిళంలో అమ్మై, మరాఠీలో దేవి. ఆ రోజులలో పక్క మందను రానీయకపోవడం, తామూ పోకపోవడం అనే కట్టుబాటు రోగం వ్యాపించకుండా చేసేదే. దానిని వదులుకోవద్దు. ఏటా టీకా కూడా వేయించమనండి.

ఈనే రోజులలో మాటల తగవు లేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాము. గొర్రె, మేక రెండూ చూడి మోసేది సుమారు ఐదు నెలలు. చివరి నెలన్నరలో మేత పెంచాలి. పిల్ల పడగానే బొడ్డుకు టింక్చర్ అయోడిన్ అద్ది, గంటలోపుగా ముర్రుపాలు తాగించాలి. ముర్రుపాలు అరగవని పిండి పారబోసే అలవాటు కొన్ని చోట్ల ఉన్నది. పిల్లకు తొలి రక్షణ వాటిలోనే ఉంటుంది.

పశువైద్యుని వద్దకు మీరు దుబాసీగా వెళ్ళినప్పుడు తెలుగు పేరును ఆయన భాషలోకి మార్చే ప్రయత్నం చేయకండి. ఇంట్లో అన్న పేరును అలాగే చెప్పి, దాని వెంట చూసినది చెప్పండి: ఎన్ని జీవాలు, ఏ వయసువి, ఎప్పటి నుంచి, జ్వరం ఎంత, ముందు ఏమి కనిపించింది, తరువాత ఏమి వచ్చింది, ఈమధ్య మేత మారిందా, కొత్త జీవం వచ్చిందా, చివరి టీకా ఏది. ముందు వెనుకల క్రమం చాలా ముఖ్యం. పారుడు ముందా, ముక్కు కారడం ముందా అన్నదానిని బట్టి మందే మారుతుంది.

మీ ఇండ్లలో వినిపించే రోగాల పేర్లను చీటీల మీద రాసి పంపవలసినదిగా కోరుతున్నాము. ఒక్కొక్క చీటీలో పేరు, ఊరు, జిల్లా, ఆ పేరుతో పిలిచే జీవంలో కనిపించిన లక్షణాలు వరుసక్రమంలో, ఏ నెలలో వస్తుంది, ఆ చోటి రాష్ట్రభాషలో కాపరులు దానిని ఏమంటారు అన్నవి ఉండాలి. నిఘంటువులో చూసిన అర్థం రాయనక్కరలేదు. ఒకే ఊరిలో ఇద్దరు కాపరులు ఒకే పేరుకు వేరువేరు లక్షణాలు చెబితే రెండు చీటీలు రాయండి.