లీటరు వేరు, కిలో వేరు

సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు నాకు తరచుగా ఎదురయ్యే ఫిర్యాదు ఒకటున్నది. ఈమధ్య ఒక సభ్యురాలు చీటీ తెచ్చి చూపినది. "ఇంట్లో దాణా తూచే కాటా మీద క్యాను పెట్టి, ఖాళీ క్యాను బరువు తీసివేసి చూసినాను. సరిగ్గా 5 కిలోలు తూగినాయి. ఇక్కడ 4.85 అని రాసినారు. మిగతా పాలు ఏమైనాయి సార్?" అని అడిగినది. కార్యదర్శి ముఖం చిన్నబోయినది. వాస్తవానికి ఇద్దరి లెక్కా సరైనదే. ఆమె చెప్పినది కిలోలు, చీటీలో ఉన్నవి లీటర్లు.

పాలు నీటికంటె బరువు. లీటరు పాలు సుమారు 1 కిలో 30 గ్రాములు తూగును. కనుక కిలోలను లీటర్లు చేయుటకు 1.03తో భాగించవలెను, లీటర్లను కిలోలు చేయుటకు 1.03తో హెచ్చించవలెను. 5 కిలోల పాలు 4.85 లీటర్లు, 5 లీటర్ల పాలు 5.15 కిలోలు.

చీటీలో అంకెతో పాటు 'లీ' అని ఉన్నదా, 'కి' అని ఉన్నదా చూడండి. ధర దేనికి కట్టినారో కూడ చూడండి. పాలు లీటర్లలో రాసి కిలో ధర కట్టినచో, ప్రతి 100 లీటర్లకు 3 కిలోల పాల సొమ్ము సభ్యునికి తగ్గును. కిలోలలో రాసి లీటరు ధర కట్టినచో ఆ మేరకు సంఘం నష్టపోవును. ఇది అడగవలసిన విషయమే, మొహమాటం అక్కరలేదు. అయితే పితికిన వెంటనే చెంబుతో కొలిచి, ఆ కొలత పట్టుకొని పోట్లాటకు రావద్దు. నురుగు కూడ లెక్కలోకి వచ్చును.

నేతికి లెక్క తిరగబడును. లీటరు నెయ్యి 910 గ్రాములకు కాస్త అటూఇటూగా మాత్రమే తూగును. ఇంట్లో వెన్న కాచి అమ్ముకొనేవారు లీటరు డబ్బా నింపి కిలో అని ఇచ్చినచో 90 గ్రాములు తక్కువ ఇచ్చినట్లే. కొన్నవారు ఇంటికి పోయి తూచుకొంటే మాట వచ్చును. కిలో నెయ్యి అంటే దాదాపు 1 లీటరు 100 మిల్లీలీటర్లు.

మా నాయనమ్మ తరంవారు 4 గిద్దలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక అని కొలిచేవారు. ఈ వరుస బాగానే ఉండేది గాని, సోల పరిమాణమే ఒక్కొక్క ప్రాంతాన ఒక్కొక్క రకం. 1956 చట్టం ప్రకారం 1958 నుండి అంచెలంచెలుగా మెట్రిక్ కొలతలు వచ్చిన తరువాత ఆ చిక్కు తీరినది. వంటింట్లో మాత్రం తీరలేదు. చిన్న చెంచా అంటే 5 మిల్లీలీటర్లు, పెద్ద చెంచా 15, అంటే 3 చిన్న చెంచాలు. వంట పుస్తకాలలో కప్పు 240 లేక 250 మిల్లీలీటర్లు, రైస్ కుక్కరుతో ఇచ్చే కప్పు సాధారణంగా 180. మన స్టీలు గ్లాసుకు లెక్కే లేదు. అర లీటరు పాల ప్యాకెట్టు పోసి ఎన్ని గ్లాసులు వచ్చినవో చూసుకొంటే మీ గ్లాసు సంగతి మీకే తెలియును.

గ్లాసు తెలిసినంత మాత్రాన గ్రాములు తెలియవు. 200 మిల్లీలీటర్ల గ్లాసులో పాలు 206 గ్రాములు, పంచదార సుమారు 170, మెత్తని ఉప్పు సుమారు 240, గోధుమపిండి 110 ప్రాంతం పట్టును. అందుచేతనే పశువుల డాక్టరు గారు లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు అన్నప్పుడు "రెండు చెంచాలు వేస్తున్నామండి" అనే జవాబు నాకు నచ్చదు. ఏ చెంచా? తలగొట్టి తీసినదా, గోపురంగా తీసినదా? ఒక చెంచాను సంఘం కాటా మీద వేస్తే బరువు సరిగా చూపదు. తలగొట్టి 20 చెంచాలు ఒక సంచిలో పోసి తూచి, వచ్చిన గ్రాములను 20తో భాగించండి. ఆ అంకెను లవణ మిశ్రమం డబ్బా మూత మీద రాసి, ఆ చెంచాను ఆ డబ్బాలోనే ఉంచండి. పిల్లలు దానిని తీసి మరొకటి వేయకుండా చూసుకోండి. మా ఇంట్లో అదే జరిగినది.