మలప్పురంలో రహీమ్ సాబ్ పేరు

కేరళ యాత్ర అనగానే అలెప్పీ పడవలు, మున్నార్ తేయాకు తోటలే అందరికీ గుర్తొస్తాయి. మేము మాత్రం సకుటుంబంగా మలప్పురం జిల్లా అరీకోడ్ వెళ్ళాం. మా బ్రాంచి మిత్రుని సొంత ఊరది.

మేం శాకాహారులమని ముందే కనుక్కుని, ఆ ఇల్లాలు బియ్యప్పిండితో పల్చటి పత్తిరి రొట్టెలు, శనగల కూర, కొబ్బరిపాలు సిద్ధం చేశారు. చాలన్నా వినరు! మర్యాదలో మన గోదావరి జిల్లాలవారికి ఏమాత్రం తీసిపోరు. భోజనాలయ్యాక పాలు లేని సులైమానీ టీ తాగించి, అందరినీ 'సెవెన్స్' ఆటకు బయల్దేరదీశారు.

జట్టుకు ఏడుగురే. కోతలైన పొలాల్లోనూ, చిన్న మైదానాల్లోనూ తాత్కాలిక గ్యాలరీలు కట్టి, రాత్రిపూట ఫ్లడ్‌లైట్ల కింద, టిక్కెట్టు పెట్టి ఆడిస్తారు. ఆఫ్రికా నుంచి కూడా ఆటగాళ్ళు వస్తారు. అటువంటి నైజీరియా ఆటగాడి కథతో 2018లో మలయాళ సినిమా వచ్చింది. బంతి గోలు దగ్గరకొస్తే గ్యాలరీ అంతా లేచి నిలబడుతుంది. మా ఆవిడ నా చెయ్యి వదిలితే ఒట్టు!

విరామంలో మిత్రుని తండ్రిగారు "మీ తెలుగువాళ్ళ హైదరాబాదే కదా రహీమ్ సాబ్ ఊరు!" అన్నారు. మేం బెంగళూరువాళ్ళమన్నా ఆయనకు పట్టలేదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. మెల్‌బోర్న్ జట్టులో కోజికోడ్ వాసి 'ఒలింపియన్' రహ్మాన్, సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఇద్దరూ ఉన్నారు.

మెస్సీ గోల్సన్నీ కంఠతా వచ్చిన మా అబ్బాయి ఈ పేర్లు అక్కడే తొలిసారి విన్నాడు. రెండో సగం మొదలైనా ఆ పెద్దాయన చెబుతూనే ఉన్నారు, వీడు అడుగుతూనే ఉన్నాడు.