మైపాటి తీరమున మాఘస్నానము

సముద్రమును గూర్చి మనము చదివినంతగా దానిని చూచినవారము కాము. మా సంగతియే చెప్పెదము. మేము నెల్లూరు కాపురమునకు వచ్చి పదునాలుగేండ్లయినది. మైపాడు మా యూరికి సుమారు 25 కిలోమీటర్లే. చిన్ననాట తండ్రిగారి యొద్ద సుందరకాండమును, భాగవతమున క్షీరసాగరమథన ఘట్టమును చదువుకొని, సముద్రమన నిట్టిదని మనస్సులో నొక బొమ్మ గీచికొంటిమి గాని, దాని యొడ్డున నిలిచి చూచినది మూడు నాలుగు పర్యాయములకు మించలేదు. ఇంటిపని తెమలిన దినమున సముద్రస్నానమునకు తిథి కుదరదు. తిథి కుదిరిన దినమున మా వారి బడికి సెలవుండదు.

ఈ యేడు మాఘపూర్ణిమ ఆదివారమున వచ్చుటచే రెండును కుదిరినవి. డెబ్బదియేండ్లు దాటిన మా యత్తగారు మోకాళ్లు సహకరించినపుడే ఒక్క మునక వేసి రావలెనని పట్టుపట్టిరి. తెల్లవారకమునుపే పులిహోర కట్టుకొని, పొడిబట్టల మూటతో బస్సెక్కితిమి.

ఒడ్డు చేరగానే మా చిన్నవాడు కుడియెడమలు కలయజూచి, "అమ్మా! మన సముద్రానికి వంతెన లేదేం?" అని యడిగెను. రెండేండ్ల క్రిందట పుదుచ్చేరిలో చూచినది వానికి జ్ఞాపకము. అచట ఫ్రెంచివారు 1866లో ఇనుప స్తంభములపై సముద్రములోనికి వంతెన కట్టిరి. ఓడలు ఒడ్డునకు రాజాలక దూరమున లంగరు వేసియుండగా, సరకులను మనుష్యులను దించుకొనుటకు అది యుపకరించెడిది. 1952లో అది కూలినది. దాని మొండిస్తంభములు అలలలో నిలిచియుండగా మేము చూచితిమి. 1962లో కట్టిన మరియొక వంతెనలోను కొంతభాగము 2022 మార్చిలో విరిగి నీటిపాలైనది. చెన్నపట్టణమున 1861లో 1,100 అడుగుల పొడవున కట్టిన యినుపవంతెన 1868, 1872 సంవత్సరముల గాలివానలకు దెబ్బతిని పనికిరాకుండెను.

పిల్లవాని ప్రశ్నకు మా వారు పుల్లతో ఇసుకపై గీతలు గీచి సమాధానము చెప్పిరి. ఉపాధ్యాయునకు నల్లబల్ల దొరకకున్నను పాఠము ఆగదు గదా! మన తీరము తిన్నని గీత. అలల నడ్డు కొండ లేదు, లోతైన వంక లేదు. అందుచే అలలు ఒడ్డునకు దూరముననే వరుసలు వరుసలుగా విరుగును. ఇది యొకటి. రెండవది మాకును క్రొత్తసంగతియే. ఇసుక నిలుకడగా నుండదు, నడచును. నైరుతి గాలుల నెలలలో తీరము వెంబడి ఉత్తరముగా పోవును, ఈశాన్యపు గాలుల నెలలలో దక్షిణముగా మరలును. మొత్తముమీద ఉత్తరపు నడకయే యెక్కువ. స్తంభములపై నిలిచిన వంతెనయైనచో ఇసుక వాని సందులనుండి సాగిపోవును. రాతిగోడయైనచో దక్షిణపుప్రక్క మేట వేయును, ఉత్తరపుప్రక్క నేల కోసికొనిపోవును. చెన్నపట్టణమున పందొమ్మిదవ శతాబ్దము చివర రేవుగోడలు కట్టిన తరువాత దక్షిణమున మెరీనా యిసుక విశాలమైనది, ఉత్తరమున రాయపురము వైపు తీరము కడలిపాలైనది. మెరీనాలో వేరుసెనగలు తినుచు మేమెన్నడును ఉత్తరపువారిని తలచియుండలేదు.

మరి వంతెన లేని కాలమున ఓడల నుండి మనుష్యులెట్లు దిగిరి? దానికి మనవారి మసూలా పడవ యుండెను. పలకలను మేకులతో బిగింపక కొబ్బరిపీచు త్రాటితో కుట్టెడివారు. కుట్టుబట్టవలె వంగునది గనుక, అల యెత్తి నేలపై కొట్టినను పగులదు. చెన్నపట్టణమున దిగిన దొరలును, దొరసానులును ఆ కుట్టుపడవలలోనే తడిసి ముద్దయై యొడ్డు చేరిరి. లోపలి సరకులకు బకింగుహాము కాలువ యుండెను. మా యత్తగారి యవ్వగారు ఆ కాలువమీదనే పడవలో చెన్నపట్టణము పోయి వచ్చిరట. మైపాటికి దక్షిణముగా కండలేరు కడలిలో కలియుచోట నున్న చిన్నరేవు కృష్ణపట్నము 2008లో పెద్ద యోడరేవైనది. దానికి గోడలు, యంత్రములు అన్నియు నున్నవి. కాని మైపాటి పడవలకు నేటికిని ఇసుకయే రేవు.

ఇక స్నానము. సంకల్పము చెప్పుకొని రెండడుగులు వేసినంతనే మా యత్తగారి కాళ్లక్రింది యిసుక జారెను. వారు కెవ్వుమనిరి. మేమును, మా వారును చెరియొక ప్రక్కను పట్టుకొన్నను అల యెప్పుడు వచ్చునో, ఎప్పుడు మునుగవలెనో మాకు తెలిసిన గదా! ఒడ్డున ఖాళీగంప దగ్గర కూర్చుండిన పల్లెపడుచు ఒకతె లేచి, చీర చెంగు బిగించి, మమ్ము తొలగించి మా యత్తగారి రెండు చేతులు పట్టుకొనెను.

"అల వచ్చేటప్పుడు నిలబడబాకమ్మా, కూచో. అది ఎనక్కి పొయ్యేటప్పుడు కాలు గట్టిగా పెట్టు. పెద్దయ్యి వరసగా వచ్చినాక కాస్త ఎడం ఉంటది. ఆ ఎడంలో మునుగు."

వీధిలో చేపలగంప యెదురైనచో కొంగు దగ్గరకు లాగికొను మా యత్తగారు ఆమె చేతులు విడువక మూడు మునకలు వేసిరి. మేమేమియు ననలేదు.

ఒడ్డున పొడిబట్టలు కట్టుకొని కూర్చున్నప్పుడు ఆమెయు మా చెంతనే కూర్చుండెను. ఆ యెడమును కనిపెట్టియే పడవను త్రోయవలెననియు, దానినే కనిపెట్టి తిరిగి తీరమునకు తేవలెననియు చెప్పెను. ఏడేండ్ల క్రిందట ఆమె పెనిమిటి ఆ యెడము తప్పినాడట. "నడిసముద్రంలో కాదమ్మా. ఇదో, ఆ తాడు కట్టిన గుంజంత దూరంలో. పడవ అడ్డం తిరిగి మీద పడింది."

నెల్లూరునకు ఉత్తరముగా బోగోలు మండలమున జువ్వలదిన్నె యొద్ద గోడలు, దిగుడుగట్లు గల చేపలరేవునకు 2020లో శంకుస్థాపన జరిగిన సంగతి మేము పత్రికలలో చదివియుంటిమి. అట్టిది మీకును కట్టినచో మేలు గదా యని మా వారనిరి. ఆమె తడియిసుకను వ్రేళ్లతో గీరుచు కొంతసేపు పలుకలేదు.

"అట్టాంటి గోడ ఉండుంటే మా ఆయన బతికుండును సారూ. ఉంటే నాకీ గంప ఉండదు. ఇక్కడైతే పడవ నా గుడిసె ముందర ఆగుద్ది. ఒక గంపెడు చేప నేనే ఎత్తుకొని ఊళ్లోకి పోతా. రేవులో లారీలు, ఐసు పెట్టెలు, వేలంపాట. ఒక్క గంపకు నన్నెవరు పాడనిస్తారు? పోను రాను బస్సుకే సరిపోద్ది."

"అయితే ఏది కావాలే నీకు?" అని మా యత్తగారడిగిరి.

"ఆ మాట అడగబాకమ్మా. నా కొడుకు ఇప్పుడు నీళ్ల మీదున్నాడు."

అప్పటివరకు మేము సముద్రమును చూచుచుంటిమి. ఆ మాట విన్నది మొదలు అలలకావల దృష్టి నిలిపితిమి. ఇప్పటి పడవలు ఫైబరువి, యంత్రము గలవి. కుట్టుపడవవలె అవి వంగవు. ఎండ పైకి వచ్చునప్పటికి నాలుగైదు పడవలు కానవచ్చినవి. ఒక్కొక్కటి ఒడ్డునకు వచ్చి యిసుక నెక్కుచుండగా నీలపుపడవ యొకటి మాత్రము విరుగు అలలకు వెలుపల ఆగి, ముక్కు పైకెత్తుచు దించుచు, అచటనే యుండెను. ఆమె లేచి నిలిచినది. కేకవేయలేదు, చేయి ఊపలేదు.

బస్సునకు వేళయైనదని మా వారు రెండుమార్లు హెచ్చరించిరి. మా యత్తగారు కదలలేదు. పెద్ద అలలు వరుసగా వచ్చి విరిగినవి. "ఇప్పుడు," అని ఆమె మెల్లగా ననెను. పడవ యంత్రము గట్టిగా మ్రోగినది. నురుగులో ఒక్క క్షణము కనుమరుగై, మరల తేలి, చరచర ఇసుకమీదికి వచ్చిపడెను. చిన్నవాడు చప్పట్లు కొట్టెను.

మా యత్తగారు మూటలోనుండి అరటిపండ్లు, పులిహోరపొట్లము తీసి ఆమె చేతికీయబోయిరి. అప్పటికే ఆమె గంప తలపై బోర్లించుకొని పడవవైపు పరుగిడుచుండెను. చిన్నవాడు పొట్లము పట్టుకొని వెంటబడి, మోకాలిలోతు నీళ్లలో దిగి, ఆమె కొడుకు చేతిలో పెట్టి వచ్చెను. వానిని నీళ్లలోనికి పోవద్దని ఆ దినమున మేము మరచితిమి. పండ్రెండు గంటల బస్సు పోయినది. తరువాతిదానికి గంటన్నర కాచుకొంటిమి.