విండోస్ మారేటప్పుడు అక్షరాలేమవుతాయి?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు ముగిసింది. ఆ తేదీకి అటూ ఇటూ చిన్నా పెద్దా ఆఫీసులన్నింట్లో ఒకటే చర్చ. ఈ కంప్యూటర్ విండోస్ పదకొండుకు పనికొస్తుందా, రాదా? ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏ తరానిది, భద్రత కోసం ఉండే టీపీఎం చిప్ ఉందా? ఇవన్నీ పెట్టె గురించిన ప్రశ్నలు. పెట్టెను డబ్బు పెట్టి మార్చుకోవచ్చు. అందులో ఏళ్ల తరబడి టైపు చేసి దాచుకున్న అక్షరాల సంగతేమిటని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఆ ప్రశ్న తప్పకుండా అడగాల్సిన చోటు సిరోంచ.

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస సిరోంచ తాలూకా. పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. గోదావరి దాటితే కాళేశ్వరం. జిల్లా కేంద్రానికి పోవాలంటే మాత్రం ఆలాపల్లి అడవుల మీదుగా రెండు వందల కిలోమీటర్ల పైమాటే. 1860లో నిజాం చేతిలోంచి బ్రిటిష్ వాళ్ల చేతికి వచ్చాక కొన్నేళ్లు ఎగువ గోదావరి జిల్లాకు ఇదే కేంద్రం. 1874లో ఆ జిల్లాను రద్దు చేసి సిరోంచను చాందాలో, అంటే ఇప్పటి చంద్రపూర్‌లో కలిపారు. 1982లో చంద్రపూర్ నుంచి గడ్చిరోలి విడిపోయింది. జిల్లాలు ఎన్ని మారినా ఇక్కడ చాలా ఇళ్లలో మాట తెలుగే. ఆఫీసు కాగితం మరాఠీ. భూమి పత్రమైన సాత్‌బారా ఉతారా కావచ్చు, కులం సర్టిఫికెట్ కావచ్చు, దేవనాగరి లిపిలోనే చేతికొస్తుంది. దాని మీది మనిషి పేరు, ఇంటిపేరు తెలుగువి. అంటే ఈ తాలూకా ఆఫీసు కంప్యూటర్ పొద్దస్తమానం చేసే పని తెలుగు పేర్లను మరాఠీ అక్షరాల్లో మోయడం.

ఆ మోతకు సరిగ్గా సరిపోయే యంత్రం ఒకటి విండోస్ ఇంకా మన ఆఫీసుల్లోకి రాకముందే పుట్టింది. దాని పేరు జిస్ట్ కార్డు. కాన్పూర్ ఐఐటీలో ఆర్.ఎం.కె. సిన్హా బృందం 1980ల మొదట్లో భారతీయ లిపుల కోసం చేసిన పరిశోధన దీనికి మూలం. అక్కడ చదువుకున్న మోహన్ తాంబే ఆ పనిని ముందుకు తీసుకుపోయారు. 1988లో పుణేలో మొదలైన ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ ద్వారా అది ఆఫీసులకు చేరింది. చూడడానికి మామూలు సర్క్యూట్ పలకే. కంప్యూటర్ మూత విప్పి మదర్‌బోర్డు మీద ఖాళీగా ఉన్న స్లాట్‌లో గుచ్చాలి. అప్పటి డాస్ కంప్యూటర్‌కు ఇంగ్లిష్ తప్ప మరో భాష తెలియదు. ఈ కార్డు తెరకూ ప్రోగ్రామ్‌కూ మధ్య నిలబడి, అంకెలుగా వచ్చినవాటిని మన అక్షరాలుగా గీసి చూపించేది.

అందులోని అసలు తెలివి అంకెలు ఇచ్చిన తీరులో ఉంది. మన లిపుల్లో చాలావరకు బ్రాహ్మి నుంచి వచ్చినవే, వాటి వర్ణమాల వరస ఒకటే. కాబట్టి అక్షరం ఆకారానికి కాకుండా ధ్వనికి అంకె ఇచ్చారు. క అనే ధ్వనికి 179. మరాఠీలోనూ అంతే, తెలుగులోనూ అంతే. ఏ ఆకారంలో గీయాలన్నది కార్డు చూసుకుంటుంది. దేవనాగరిలో కొట్టిన పేర్ల జాబితాను మీట నొక్కి తెలుగు లిపిలోకి మార్చి చూడగలిగేవారు. ఈ అంకెల పట్టికే ఇస్కీ. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని ఐఎస్ 13194గా ప్రకటించింది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుదీ ఇదే సూత్రం. ఇంగ్లిష్ కె ఉన్న మీట మీద వేలు పెడితే మరాఠీలో మరాఠీ క, తెలుగులో తెలుగు క. ఒక లిపికి అలవాటైన వేళ్లు రెండోదాన్ని కొత్తగా నేర్చుకోనక్కరలేదు. సిరోంచ లాంటి చోటికి ఇంతకన్నా తగిన ఏర్పాటు మరొకటి రాలేదని నా గట్టి నమ్మకం.

అదే 1991 అక్టోబర్‌లో ప్రపంచ భాషలన్నింటికీ ఒకే అంకెల పట్టికగా యూనికోడ్ తొలి కూర్పు వెలువడింది. మన లిపుల విషయంలో అది ఇస్కీ వరసనే తీసుకుంది, కానీ లిపికి ఒక గది చొప్పున విడగొట్టింది. దేవనాగరి క 2325, తెలుగు క 3093. తేడా 768. గ తీసుకున్నా, మ తీసుకున్నా, ళ తీసుకున్నా తేడా అంతే. ఏ మరాఠీ అక్షరానికైనా 768 కలిపితే దాని తెలుగు జంట దొరుకుతుంది. అక్కడక్కడా మినహాయింపులున్నా, ఇంత చక్కని కూడిక సరిహద్దు ప్రాంతానికి దొరకడం అదృష్టం.

అయితే ఆ అదృష్టం ఆఫీసు బల్ల మీదికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 1990లలో డాస్ పోయి విండోస్ రావడంతో జిస్ట్ కార్డు అవసరం లేకుండా పోయింది. దాని చోట ఫాంట్లు వచ్చాయి. మరాఠీకి ఒక కంపెనీది ఒక రకం, తెలుగుకు అను ఫాంట్లు, ఇంకా ఎన్నో. ఇవి ధ్వనికి అంకె ఇవ్వడం మానేసి ఆకారపు ముక్కలకు ఇచ్చాయి. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఒక ముక్క. వీటిని ఇంగ్లిష్ అక్షరాలూ డాలరు గుర్తులూ కూర్చునే స్థానాల్లో కూర్చోబెట్టారు. కంప్యూటర్ దృష్టిలో ఆ ఫైల్లో ఉన్నది డాలరు గుర్తే, దాని మీద మరాఠీ బొమ్మ తొడిగారంతే. ఫాంటు ఉన్నంతకాలం కాగితం బాగానే వస్తుంది. ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే నెత్తిన చుక్కలున్న ఐరోపా అక్షరాలూ, శాతం గుర్తులూ, కుండలీకరణాలూ కనిపిస్తాయి. ఏ కంపెనీ పట్టిక ఆ కంపెనీదే. 768 కూడిక ఇక్కడ చెల్లదు.

2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చింది. మరాఠీకి మంగల్, తెలుగుకు గౌతమి అనే యూనికోడ్ ఫాంట్లు అందులో ఉన్నాయి. కానీ వాటంతట అవి పనిచేసేవి కావు. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతీయ భాషల కిటికీ తెరిచి, సంక్లిష్ట లిపుల ఫైళ్లు వేయమని ఒక చిన్న గడిలో టిక్కు పెట్టాలి. పెట్టగానే విండోస్ సీడీ అడిగేది. సీడీ లేకపోతే పని ఆగిపోయేది. ఆ గడి సంగతి తెలియక ఎన్ని ఆఫీసులు మరో పదేళ్లు పాత ఫాంట్లలోనే పని చేసుకున్నాయో తలచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. మహారాష్ట్రలో 2001లోనే మొదలైన ఎంఎస్‌సీఐటీ కోర్సు లక్షల మందికి కంప్యూటర్ నేర్పింది. టైపింగు బళ్లలో పాత మరాఠీ కీబోర్డుకు అలవాటైన వేళ్లు మాత్రం తొందరగా మారలేదు.

ఇప్పుడు పదకొండుకు మారే పని చూద్దాం. పెట్టె సంగతి ముందుగా, క్లుప్తంగా. 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, యూఈఎఫ్ఐ పద్ధతిలో బూట్ అయ్యే మదర్‌బోర్డు, టీపీఎం 2.0. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైవి. విండోస్ మీటతో ఆర్ నొక్కి టీపీఎం డాట్ ఎంఎస్సీ అని కొడితే చిప్ ఉందో లేదో తెలుస్తుంది. లేదని చూపినా నిరాశపడొద్దు. చాలాసార్లు చిప్ ఉంటుంది, బయోస్‌లో ఆపి ఉంటుంది. బయోస్‌లో చేయి పెట్టే ముందు డిస్కుకు బిట్‌లాకర్ తాళం వేసి ఉందేమో చూసి, ఉంటే దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసిపెట్టుకోవాలి. సెట్టింగు మారిన తర్వాత కంప్యూటర్ ఆ అంకెలు అడిగితే, ఆ కీ ఎక్కడా దాచుకోనివాళ్లకు డిస్కులోని ఫైళ్లు మళ్లీ దక్కవు.

మారుమూల ఆఫీసుల్లో ఇంకో చిన్న వస్తువు చూడాలి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బటన్ సెల్, సీఆర్ 2032, మూడు వోల్టులది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే ప్రతి ఉదయం కంప్యూటర్ ఎన్నో ఏళ్ల వెనకటి తేదీతో లేస్తుంది. అప్పుడు సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు, డిజిటల్ సంతకం చెల్లదంటుంది, విండోస్ అప్‌డేట్ దిగనంటుంది. జనం నెట్ బాగాలేదనుకుంటారు. కొన్ని పదుల రూపాయల సెల్ మార్చి తేదీ సరిచేస్తే సగం జబ్బులు పోతాయి. అప్‌గ్రేడ్‌కు ముందు చేయాల్సిన పనుల్లో దీన్ని మొదటే చేయాలంటాను.

నెట్ సంగతీ ఆలోచించుకోవాలి. పదకొండు ఇన్‌స్టాలేషన్ ఫైలు కొన్ని జీబీలుంటుంది. నెమ్మది నెట్‌తో ప్రతి కంప్యూటర్‌కూ విడివిడిగా దించితే వారం గడిచిపోతుంది. ఒకసారి దించి కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే చాలు. తర్వాత వచ్చే అప్‌డేట్లకు డెలివరీ ఆప్టిమైజేషన్ అనే సౌకర్యం ఉంది. దాన్ని ఆన్ చేస్తే ఒక కంప్యూటర్ దించుకున్నదాన్ని అదే ఆఫీసులోని మిగతావి దాని దగ్గర్నుంచి తీసుకుంటాయి. యూపీఎస్ బ్యాటరీ నిజంగా ఎన్ని నిమిషాలు ఆగుతుందో ముందురోజు ప్లగ్గు పీకి చూసుకోవడం మంచిది. డిజిటల్ సంతకం టోకెన్‌కూ, ప్రింటర్‌కూ, స్కానర్‌కూ పదకొండులో పనిచేసే డ్రైవర్లు అదే పెన్‌డ్రైవ్‌లో ఉండాలి.

ఇక అక్షరాల దగ్గరికి వద్దాం. ఇక్కడ నిదానంగా నడవాలి.

పాత కంప్యూటర్‌లో విండోస్ 10 కొన్నిచోట్ల 32 బిట్‌ది ఉంటుంది. పదకొండు 64 బిట్‌లో మాత్రమే వస్తుంది. కాబట్టి అలాంటిచోట ప్రాసెసర్ సరిపోయినా ఉన్నదాని మీద అప్‌గ్రేడ్ కుదరదు, డిస్కు ఖాళీ చేసి కొత్తగా వేయాలి. దాంతో పాత భాషా సాఫ్ట్‌వేర్ పోతుంది. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను అసలు నడపదు. అప్పటి భాషా సాఫ్ట్‌వేర్లు కొన్ని ప్రింటర్ పోర్టుకు తగిలించే హార్డ్‌వేర్ లాక్‌తో వచ్చేవి. కొత్త కంప్యూటర్లలో ఆ పోర్టే అరుదు. కాబట్టి డిస్కు తుడిచే ముందు ఫాంట్ల ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోవాలి. పాత ఫైళ్లు చదవడానికి ఆ ఫాంటు ఒక్కటే ఆధారం.

యూనికోడ్‌లోనే చేశాం కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్లకూ ఒక చిక్కుంది. 2012లో విండోస్ 8తో నిర్మలా యూఐ అనే కొత్త ఫాంటు వచ్చింది. భారతీయ లిపుల్లో ముఖ్యమైనవన్నీ ఆ ఒక్క ఫాంటులోనే ఉన్నాయి. విండోస్ 10 నుంచి మంగల్, గౌతమి అదనపు ఫాంట్ల జాబితాలోకి పోయాయి. కొత్తగా వేసిన పదకొండులో అవి ఉండకపోవచ్చు. మంగల్‌లో చేసిన ఫారం తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి గానీ నిర్మలా కొలతలు వేరు. గడిలో పట్టిన పేరు రెండో వరసకు జారుతుంది, ఒక పేజీ ఉతారా రెండో పేజీలోకి పోతుంది. సెట్టింగుల్లో ఐచ్ఛిక ఫీచర్లకు పోయి దేవనాగరి, తెలుగు అదనపు ఫాంట్లు చేర్చుకుంటే సర్దుకుంటుంది. దానికి నెట్ కావాలి కాబట్టి ఆ పనికూడా జాబితాలో ముందే రాసుకోవాలి.

పాత ఫాంటులోని ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ భాషా ఇండియా వారి టీబీఐఎల్ అలాంటిదే. కానీ ఎక్సెల్ పట్టికల్లో ఒక నిలువు వరస మరాఠీ ఫాంటులో, పక్కది ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఫాంటు చూడకుండా మొత్తం మారిస్తే సర్వే నంబర్లూ ఆధార్ అంకెలూ మరాఠీ ముక్కలైపోతాయి. వరసవరసగా మార్చి, పాత ప్రింటుతో పక్కపక్కన పెట్టి చూడాలి.

సిరోంచలో ఈ పోలికకు ఇంకో మెట్టు ఉంది. మరాఠీ రాతలో హ్రస్వ ఎ, హ్రస్వ ఒ వాడరు. ఎల్లయ్య అనే పేరు దేవనాగరిలో దీర్ఘ ఏతో మొదలై దీర్ఘంతో ముగుస్తుంది. దానికి 768 కలిపి తెలుగు చేస్తే ఏల్లయ్యా వస్తుంది. కొండయ్య కోండయ్యా అవుతాడు, రెడ్డి రేడ్డీ అవుతాడు. నిజానికి ఇస్కీ చేసినవాళ్లు దక్షిణాది పేర్లను మరిచిపోలేదు. హ్రస్వ ఎకు 171, దీర్ఘ ఏకు 172 అని వేరు స్థానాలిచ్చారు. యూనికోడ్ దేవనాగరిలోనూ హ్రస్వ ఎకు 2318, హ్రస్వ ఒకు 2322 ఉన్నాయి. 2318కి 768 కలిపితే 3086, అచ్చమైన తెలుగు ఎ. గది కట్టి ముప్పయ్యేళ్లు దాటింది, మరాఠీ కాగితాల్లో అక్కడ కాపురమున్నవాళ్లే దాదాపు లేరు. గోదావరికి అటూ ఇటూ భూమీ బంధుత్వాలూ ఉన్న కుటుంబానికి ఈ తేడా చిన్నది కాదు. ఒక రాష్ట్రపు కాగితంలో ఒకలా, ఇంకో రాష్ట్రపు కాగితంలో ఇంకోలా ఉన్న పేరు ఒకే మనిషిదని నిరూపించుకోవాల్సిన భారం ఆ మనిషి మీదే పడుతుంది.

అందుకే ఫైళ్లు మార్చేటప్పుడు పేర్ల వరసను యంత్రానికి వదిలేయకూడదు. తెలుగు చదవగలిగిన మనిషి ఒకరు పక్కన కూర్చోవాలి. తెలుగు పేరును తెలుగు లిపిలోనే మరో గడిలో రాసి ఉంచాలి. కొత్త విండోస్‌లో కీబోర్డు జాబితాకు మరాఠీ ఇన్‌స్క్రిప్ట్ పక్కనే తెలుగు ఇన్‌స్క్రిప్ట్ చేర్చుకుంటే విండోస్ మీటతో స్పేస్‌బార్ నొక్కి అటూ ఇటూ మారొచ్చు.

ఇంత చేసినా ఏదో ఫైలు తప్పిపోతుంది. ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేసినచోట పాత విండోస్ పది రోజులు పక్క ఫోల్డర్‌లో ఉంటుంది, వెనక్కి పోవచ్చు. ఏడాదికోసారి తెరిచే జాబితాలుండే ఆఫీసుకు పది రోజులు ఏ మూలకు? డిస్మ్ అనే ఆదేశంతో ఆ గడువును 60 రోజులకు పెంచుకోవచ్చు. కొత్తగా వేసినచోట పాత డిస్కును తుడవకుండా పీకి, పేరూ తేదీ రాసి బీరువాలో పెట్టి, కొత్త ఎస్ఎస్‌డీలో పదకొండు వేయడం మేలు. పదకొండుకు అసలు పనికిరాని కంప్యూటర్‌ను వెంటనే పాత సామాన్లవాడికి ఇవ్వకుండా, నెట్ తీగ పీకేసి, పాత ఫాంట్లతో, పాత సాఫ్ట్‌వేర్‌తో ఒక మూల నడుస్తూ ఉండనివ్వాలి. సీడాక్ వారి బాస్ లినక్స్ వేసి మామూలు పనులకు వాడుకునే దారీ ఉంది గానీ, అది చివరి ఫైలు కూడా యూనికోడ్‌లోకి చేరి, పాత ప్రింటుతో సరిచూసిన తర్వాతి మాట.