మసక వీడిన ‘ది మెసేజ్’

సిరియాలోని అలెప్పోలో పుట్టి అమెరికాలో స్థిరపడిన దర్శకుడు ముస్తఫా అక్కాద్ 1976లో విడుదల చేసిన చిత్రం ‘ది మెసేజ్’. ఇస్లాం తొలినాళ్ళ చరిత్ర దాని ఇతివృత్తం. వీడియో క్యాసెట్ల కాలంలో దాన్ని చూసినవారు మనలో ఉన్నారు. వెలసిన రంగులు, ఇసుకకూ ఆకాశానికీ తేడా తెలియని మసక... అయినా కళ్ళప్పగించి చూశాం.

ఆ చిత్రాన్నే 2018లో ‘4కె’ ప్రమాణంలో పునరుద్ధరించారు. అక్కాద్ కుమారుడు మాలెక్ పూనుకున్న పని ఇది. ఆ ఏడాది ఈదుల్ ఫితర్‌కు అరబ్బు దేశాల్లో విడుదలైంది. రెండు నెలల ముందే సినిమా హాళ్ళు మళ్ళీ తెరచుకున్న సౌదీ అరేబియాలోనూ ఆడింది. మక్కాలోని ప్రపంచ ముస్లిం లీగ్ ఒకప్పుడు తిరస్కరించిన చిత్రానికి ఇది చిన్న విషయమా?

సెకనుకు 24 బొమ్మల లెక్కన మూడు గంటల చిత్రంలో రెండున్నర లక్షలకు పైగా బొమ్మలుంటాయి. పునరుద్ధరణ అంటే ఫిల్మును ఒక్కో బొమ్మగా స్కాన్ చేసి, దుమ్మూ గీతలూ తొలగించి, రంగులు సరిదిద్దడం. అతిగా తుడిస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా మారతాయి. ఈ చిత్రానికి అలా జరిగితే తీరని నష్టం.

ఎందుకంటే ఇందులో దైవప్రవక్త (స) రూపం గానీ, స్వరం గానీ లేవు. ఎదుటివారు కెమెరా వైపు చూస్తూ మాట్లాడతారు. నలుగురు ఖలీఫాలనూ చూపలేదు. హజ్రత్ అలీ (రజి) ఉన్నారనడానికి రెండు మొనల ఖడ్గమే గుర్తు. కనుక మన చూపంతా ఎదుటి ముఖం మీదే. హజ్రత్ హమ్జా (రజి) పాత్రధారి ఆంథోనీ క్విన్ కళ్ళలోని వినయం కనిపించకపోతే అక్కడ ఇంకేం మిగులుతుంది? క్యాసెట్లో మసకబారింది సరిగ్గా అదే.

1977 మార్చిలో వాషింగ్టన్‌లో కొందరు సాయుధులు జనాన్ని బందీలుగా పట్టుకుని, ఈ చిత్రాన్ని ఆపాలని కూడా పట్టుబట్టారు. అందులో లేని దృశ్యం ఉందనుకుని చేసిన పని!

ఇంగ్లీషు, అరబిక్ కూర్పులను వేర్వేరు నటులతో తీశారు. అరబిక్‌లో హమ్జా (రజి) పాత్ర అబ్దుల్లా గైస్‌ది. పిల్లలకు ఆ కూర్పే ముందు చూపించడం మేలని మా అభిప్రాయం. ఖుర్ఆన్ భాష చెవిన పడుతుంది. సహాబాల పాత్రలు నటులు ధరించరాదన్న ఉలమాల అభ్యంతరం మాత్రం బొమ్మ స్పష్టమైనంత మాత్రాన తీరేది కాదు. ఏ ఇంటికి ఆ ఇల్లు తేల్చుకోవలసిన విషయమది.

ఈ కొత్త ప్రతిని అక్కాద్ చూడలేదు. 2005 నవంబరులో అమ్మాన్ హోటళ్ళపై జరిగిన బాంబు దాడుల్లో ఆయన, కుమార్తె రీమా ప్రాణాలు కోల్పోయారు.

ఇంట్లో చూసేటప్పుడు తెరకు పైనా కిందా నల్లటి పట్టీలు వస్తే, టీవీలో బొమ్మను జూమ్ చేయకండి. వెడల్పు తెర కోసం తీసిన చిత్రమిది. జూమ్ చేస్తే అంచున నిలబడినవారు మళ్ళీ తెగిపోతారు.