జైలు రోగులకు నర్సింగ్ సంరక్షణ

6.1 పరిచయం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కోర్టులు రిమాండు విధించిన వ్యక్తి సబ్ జైలుకో, కడప కేంద్ర కారాగారానికో చేరుతాడు. అతనిపై నేరం ఇంకా రుజువు కాలేదు. శిక్ష పడినా పోయేది స్వేచ్ఛే గాని వైద్యం పొందే హక్కు కాదు. బయటి ప్రజలకు అందే స్థాయిలోనే ఖైదీలకూ వైద్యం అందాలని 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు చెబుతున్నాయి.

6.2 మొదటి మూడు రోజులు

1894 కారాగారాల చట్టం 24వ సెక్షన్ ప్రకారం, కొత్తగా వచ్చిన ఖైదీ ఆరోగ్య స్థితిని, ఒంటిపై ఉన్న గాయాలను పుస్తకంలో నమోదు చేయాలి. గాయం ఎక్కడ ఉంది, ఎంత పొడవు, ఏ రంగు అన్నది చూసినది చూసినట్లే రాయండి. మధుమేహం, మూర్ఛ, రక్తపోటు, హెచ్ఐవి మందులు వాడుతున్నారేమో అడగండి. అవి ఒక్క పూట కూడా ఆగకూడదు.

ఉదాహరణ: రోజూ సారా తాగే వ్యక్తి అరెస్టయ్యాడనుకుందాం. మరుసటి రోజుకు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు; రెండు మూడు రోజులకు మతి తప్పి లేనివి కనిపించవచ్చు. దీన్ని నాటకమని తోసిపుచ్చితే ప్రాణం పోవచ్చు. నాడి, రక్తపోటు, ఉష్ణోగ్రత, స్పృహ చూసి వెంటనే వైద్యాధికారికి తెలపండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టవద్దు. ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయా అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు.

6.3 క్షయ

ఇరుకు గదుల్లో క్షయ త్వరగా వ్యాపిస్తుంది. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించాలి. సాధారణ చికిత్స ఆరు నెలలు. బెయిలు ఎప్పుడైనా రావచ్చు. కాబట్టి చికిత్స మొదలైన రోజే రోగి ఊరు, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం రాసుకోండి. విడుదల నాడు మాత్రలు, చికిత్స కార్డు చేతికివ్వండి.

6.4 గోప్యత, గౌరవం

కాపలా పోలీసు రోగిని చూడగలిగే దూరంలో ఉండవచ్చు. మాటలు వినపడే దూరంలో ఉండనవసరం లేదు. ఆసుపత్రిలో ఉన్న నిర్బంధితులను మంచాలకు కట్టివేయడాన్ని 1995లో అస్సాం కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఆర్.డి. ఉపాధ్యాయ్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో 2006లో ఇచ్చిన తీర్పు ప్రకారం, వీలైనంతవరకు మహిళా ఖైదీ ప్రసవం జైలు బయటి ఆసుపత్రిలోనే జరగాలి. బిడ్డ జనన పత్రంలో జైలు పేరు ఉండకూడదు. రోగి ఏ నేరం మీద వచ్చాడన్నది నర్సుకు అవసరం లేని ప్రశ్న.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మద్యం మానిన తొలి రోజుల్లో ఏ లక్షణాలను గమనించాలి?
2. క్షయ రోగి బెయిలుపై వెళ్ళేటప్పుడు నర్సు చేయవలసిన పనులేవి?